మూడో నెలలో అడిగేవాళ్లు



ఈ పూట మీ ముందు ఒక ప్రశ్న పెడదామని వచ్చాను. పొరుగూరు కన్నీళ్లలో ఉన్నప్పుడు మన ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని వేడి వేడి కాఫీ తాగడం తప్పా? ఎక్కడో వరదొచ్చింది, రైళ్లు గుద్దుకున్నాయి, ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉన్నాయి. టీవీలో చూస్తూనే మనం అన్నం తింటాం. ముద్ద గొంతులో అడ్డం పడుతుంది. కాసేపటికి చానెల్ మారుస్తాం, ముద్ద దిగిపోతుంది. రాత్రి పడుకోబోతే మనసులో ఏదో గుచ్చుకుంటుంది. ఆ గుచ్చుకోవడాన్ని ఏం చేసుకోవాలి? దీని గురించే నాలుగు మాటలు చెప్తాను.

మన ఉత్తరాంధ్ర వాళ్లకి ఈ ప్రశ్న కొత్తది కాదు. మనకి పండగలూ తుపాన్లూ ఒకే నెలలో వస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014లో అదే తారీఖున, హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాసకు దగ్గర్లో, వజ్రపుకొత్తూరు మండలం తీరాన నేలను తాకింది. గంటకి 140, 150 కిలోమీటర్ల వేగంతో గాలి. దసరా నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి. ఊళ్లలో అమ్మవారి మండపాలు వేసి ఉన్నాయి. తెల్లారేసరికి మండపాల్లేవు, కరెంటు స్తంభాల్లేవు, తోటల్లేవు. వెనకే వానలు. వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదులు పొంగి పొలాల మీదికి వచ్చాయి. మనకు ఆనుకునే ఉన్న ఒడిశా గజపతి జిల్లాలో, బరఘర అనే కొండ ఊళ్లో, వానకి తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది.

నేను విజయనగరంలో బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ని. మా అప్పని, అంటే అక్కని, ఉద్దానంలో, కవిటి మండలంలో ఇచ్చాం. ఉద్దానం అంటే తెలియని వాళ్ల కోసం చెప్తాను. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ ఏడు మండలాల్లో సముద్రం పక్కన సాగే పచ్చటి తోటల సీమ అది. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా ఆ తోటల్లో నడిస్తే నెత్తి మాడదు. అలాంటి సీమలో ఆ ఉదయం ఒక్క ఇంటి మీదా చెట్టు నీడ లేదు.

రోజుల తరబడి అప్పకి ఫోన్ కలవలేదు. టవర్లు పడిపోయాయి. చివరికి ఎవరో జనరేటర్ పెట్టి, డబ్బులు పుచ్చుకుని సెల్లులు చార్జింగ్ చేస్తుంటే, అక్కడ వరసలో నిలబడి చార్జింగ్ పెట్టించుకుని, సిగ్నల్ దొరికే చోటికి నడిచి వెళ్లి తనే ఫోన్ చేసింది. నేను హలో అనగానే తను అడిగిన మొదటి మాట, "ఏటి తిన్నావురా తమ్ముడూ?" నాకు నోట మాట రాలేదు. నేను అప్పుడే టిఫిన్ చేసి లేచాను.

ఆ తర్వాత తను చెప్పిన సంగతి ఒకటి మీకు చెప్పాలి. మా బావకి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఆ జబ్బు లేని వీధి ఉండదు. దానికి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు నేటికీ గట్టిగా తేల్చలేకపోయారు. అక్కడ చాలా ఇళ్లలో బావి నీళ్లు తాగడం మానేసి వాటర్ టిన్నులు కొనుక్కుంటారు. కూలికి వెళ్లేవాళ్లు కూడా కొంటారు. తుపాను ముందు రోజు అప్ప రెండు టిన్నులు తెప్పించి ఉంచుకుంది. తుపాను తర్వాత కొత్త టిన్ను దొరకలేదు. కరెంటు లేదు కాబట్టి మోటార్లు లేవు, నీళ్లు శుద్ధి చేసే యంత్రాలూ లేవు. బావుల్లో ఆకూ అలమూ కుళ్లుతోంది. అయితే పెరట్లో, వీధిలో, ఎక్కడ చూసినా పడిపోయిన చెట్ల గెలలు. కొట్టుకుని తాగినన్ని బొండాలు. ఊరంతా కొబ్బరినీళ్లే తాగింది.

కిడ్నీలు పాడైనవాళ్లు కొబ్బరినీళ్లు తాగకూడదు. అందులో పొటాషియం ఎక్కువ. మంచి కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. పాడైన కిడ్నీ పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. చంటిబిడ్డకి కూడా పట్టే కొబ్బరినీళ్లు మా బావకి విషం. అందుకని అప్ప ఆ రెండు టిన్నుల్నీ బావకని దాచింది. గ్లాసు కొలిచి ఇచ్చేది. తను, పిల్లలు బొండాలు తాగారు. "నీలు సూసుకుని సూసుకుని పోసీదాన్నిరా" అంది.

బావకి యంత్రంతో రక్తం శుద్ధి చేయించే డయాలసిస్ గండం వేరే. ఆ యంత్రం ఒక్కో విడత దాదాపు నాలుగు గంటలు నడవాలి. దానికి కరెంటు కావాలి. శుద్ధి చేసిన నీళ్లు ఒక్కో విడతకి వంద లీటర్లకు పైగా కావాలి. డయాలసిస్ చేసే చోటికి చేరడానికి రోడ్డు కావాలి. రోడ్డు మీద అడుగడుక్కీ చెట్లు పడి ఉన్నాయి. ఊళ్లో కుర్రాళ్లు గొడ్డళ్లు పట్టుకుని ముందు నడిచి, దారి కొట్టుకుంటూ, మోటార్ సైకిల్ మీద ముందొకడు వెనకొకడు కూర్చుని, మధ్యలో బావని పట్టుకుని తీసుకెళ్లారు. ఒక గ్లాసు మంచినీళ్లు, ఒక స్విచ్చి, మట్టి కాళ్లకంటని ఒక రోడ్డు. మనం ఇవి ఉన్నాయని కూడా గుర్తుంచుకోం. మా అప్ప ఇంట్లో ఆ వారం ఒక మనిషి ప్రాణం ఆ మూడింటి మీదే నిలబడింది.

ఇదిలా ఉండగా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగ దగ్గరికొచ్చింది. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. ఆ ఏడాది అది అక్టోబరు 23న వచ్చింది. మా ఊరి పండగ సంగతి మీకు తెలుసు. ముందు రోజు తొలేళ్లు. మర్నాడు చింతమాను చివర పూజారి కూర్చుని, మూడు లాంతర్ల దగ్గరున్న గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగుతాడు. చుట్టుపక్కల జిల్లాల నుంచి, ఒడిశా నుంచి జనం విరగబడి వస్తారు. ప్రతి ఇంటికీ చుట్టాలు, ప్రతి పొయ్యి మీదా పిండివంటలు. ఉద్దానంలో చాలా ఊళ్లు అప్పటికింకా చీకట్లోంచి పూర్తిగా తేరుకోలేదు. మా వీధి మాత్రం సీరియల్ బల్బులతో పట్టపగల్లా ఉంది.

ఈ ఏడు పండగ చెయ్యబుద్ధి కావడం లేదని అప్పతో ఫోన్లో అన్నాను. అప్ప ఒప్పుకోలేదు. "పండగ మానేస్తే మా సెట్లు లేస్తాయేటి? అమ్మోరికి కొబ్బరికాయ కొట్టు. అది ఏ ఊరి కాయో గుర్తెట్టుకో" అంది.

ఆ మాట నన్ను చాలా కాలం ఆలోచింపజేసింది. గుళ్లో మనం కొట్టే కొబ్బరికాయ, పూర్ణంలో వేసే కోరు, దీపావళికి కొనే జీడిపప్పు మిఠాయి, ఇవన్నీ అలాంటి తోటల నుంచి వచ్చినవే. జీడిగింజ మిఠాయి దుకాణానికి రాకముందు పలాసలో ఎన్ని చేతులు మారుతుందో చూడండి. గింజని ఉడికించాలి, పెంకు కొట్టాలి, పైపొర ఒలవాలి, గుండుని బద్దనీ ముక్కనీ వేరు చెయ్యాలి. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. పెంకులోని నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాళ్ల వేళ్ల చివర్లు నల్లబడి గట్టిపడతాయి. మన నోట్లో కరిగే తీపి వెనక ఆ వేళ్లున్నాయి. తోటలు కూలితే ఆ వేళ్లకి పనుండదు. మనం బాధతో మిఠాయి కొనడం మానేసినా వాళ్లకి పనుండదు. కాబట్టి సుఖాన్ని వదిలేసుకోవడం ఒక్కటే దుఃఖంలో పాలుపంచుకోవడం అనుకుంటే పొరపాటు. మన సుఖంలో ఎవరి చెమట ఉందో తెలుసుకుని, వాళ్లు పడిపోయినప్పుడు మన చెయ్యి అక్కడికి చేరాలి. మా అప్ప అన్న మాటకి నాకు తోచిన అర్థం ఇది.

మరి చెయ్యి ఎప్పుడు చేరాలి? ఎంతకాలం ఉండాలి? ఈ సంగతి నాకు ఫిలిప్పీన్స్ దేశపు మనిషి ఒకాయన వల్ల తెలిసింది. నేను ఆయన్ని చూడలేదు. మా మేనల్లుడు, అంటే అప్ప పెద్దకొడుకు, ఓడలో వెల్డరు. మన శ్రీకాకుళం తీరం కుర్రాళ్లు చాలామంది ఓడల్లోనూ, గల్ఫు దేశాల్లోనూ ఇలాంటి పనుల్లో ఉన్నారు. ఏ దేశపు ఓడ మీద చూసినా పనిచేసేవాళ్లలో ఫిలిప్పీన్స్ వాళ్లు కనిపిస్తారు. తిత్లీ వచ్చినప్పుడు మావాడు నడిసముద్రంలో ఉన్నాడు. తల్లితో మాట లేదు. తండ్రికి డయాలసిస్ జరిగిందో లేదో తెలియదు. వాడికి అన్నం సహించలేదు. ఓడ మీద ఏసీ గది, మూడు పూటలా భోజనం, వేడినీళ్లు. అమ్మ అక్కడ గ్లాసు నీళ్ల కోసం చూస్తుంటే నాకిక్కడ ఇవన్నీ ఎందుకని వాడికి ఒకటే రంపపు కోత.

అప్పుడు ఆ ఫిలిప్పీన్స్ పెద్దాయన వాడి పక్కన కూర్చుని తన కథ చెప్పాడట. ఆయనది లేటే ద్వీపంలో టక్లోబాన్ దగ్గర ఒక ఊరు. 2013 నవంబరు 8న హయాన్ తుపాను, వాళ్లు యోలాండా అంటారు, ఆ ఊళ్లను ఊడ్చేసింది. అక్కడి ప్రభుత్వ లెక్కల ప్రకారమే ఆరు వేలమందికి పైగా చనిపోయారు. సముద్రం ఉప్పెనై వచ్చి ఇళ్ల మీద పడింది. ఆ రోజుల్లో ఆయన కూడా ఓడ మీదే ఉన్నాడు. ఇంటివాళ్లు బతికున్నారో లేదో తెలియదు. వేడినీళ్ల స్నానం చెయ్యబుద్ధి కాలేదు, అన్నం ముట్టబుద్ధి కాలేదు. చివరికి నీరసించి పడిపోయాడు. అప్పుడు వాళ్ల దేశం వాడే ఇంకొకడు తిట్టాడట. నీ జీతమే ఇప్పుడు మీ ఇంటికి పైకప్పు, నువ్వు పడిపోతే అది కూడా పోతుంది, లేచి తిను, పని చెయ్యి అని. ఆయన తిన్నాడు, పని చేశాడు. ఇంటివాళ్లు దొరికారు, ఇల్లు మళ్లీ లేచింది.

అంతా చెప్పి ఆఖర్న ఆయన అన్న మాట మా మేనల్లుడు నాకు ఫోన్లో చెప్పాడు. మొదటి వారం ఓడలో ప్రతివాడూ మీ ఇల్లెలా ఉందని అడిగాడట. మూడో నెలలో ఒక్కడూ అడగలేదట. ఆయనకి ఎక్కువ కష్టమనిపించింది ఆ మూడో నెలేనట. "నిన్ను నేను మూడో నెలలో కూడా అడుగుతాను" అని మావాడికి మాటిచ్చి, అన్నట్టే అడిగాడు.

శ్రోతలారా, ఈ మాట పక్కనే పెట్టుకుని మన సంగతులు మనం ఒకసారి చూసుకుందాం.

హుద్‌హుద్ అప్పుడు విజయనగరంలో మనమూ చీకట్లో ఉన్నాం. పాల ప్యాకెట్ కోసం తెల్లవారుజామునే వరసల్లో నిలబడ్డాం. పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరాం. నీళ్లకి బోరింగుల దగ్గర బిందెలు పెట్టాం. సెల్లులు ఆగిపోయిన ఆ రోజుల్లో బ్యాటరీల రేడియో ఉన్న ఇంటి అరుగు మీద పదిమంది చేరి వార్తలు వినేవారు. వేరే జిల్లాల నుంచి కరెంటోళ్లు లారీల్లో వచ్చి, బళ్లలో పడుకుని, పగలూ రాత్రీ స్తంభాలెక్కారు. వీధిలో బల్బు వెలిగిన రోజున పిల్లలు కేకలు పెట్టి గంతులేశారు. పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ వెలుగుని మనం ఎన్నాళ్లు గుర్తుంచుకున్నాం? స్తంభమెక్కిన ఆ మనుషుల్ని మళ్లీ ఎప్పుడైనా తలుచుకున్నామా? నెల తిరిగేసరికి కరెంటు పావుగంట పోతే విసుక్కోవడం మొదలుపెట్టాం.

2023 అక్టోబరు 29, ఆదివారం. సిరిమానుకి ఇంక రెండు రోజులే ఉంది. ఆ సాయంత్రం చీకటి పడ్డాక మన విజయనగరం జిల్లాలోనే, కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య, పలాస వెళ్లే ప్యాసింజరుని వెనక నుంచి రాయగడ ప్యాసింజరు గుద్దింది. పద్నాలుగు మంది చనిపోయారు. ప్యాసింజరు బండిలో ఎవరుంటారో మనకి తెలుసు. విశాఖలో పనులు చూసుకుని ఇంటికి పోయేవాళ్లు, ఆస్పత్రికి వెళ్లి వస్తున్నవాళ్లు, చదువుకునే పిల్లలు. అదే సమయానికి లక్నోలో ప్రపంచ కప్ మ్యాచి, ఇండియా ఇంగ్లండ్ ఆడుతున్నాయి. మా ఇంట్లో టీవీ కాసేపు ఇటు, కాసేపు అటు తిరిగింది. ఇక్కడ చీకట్లో గ్యాస్ కట్టర్లతో బోగీలు కోస్తున్నారు. అక్కడ వికెట్లు పడుతున్నాయి, జనం చప్పట్లు కొడుతున్నారు. మంగళవారం సిరిమాను యథాప్రకారం తిరిగింది.

ఆ వారమంతా ఊళ్లో అదే మాట. ఆస్పత్రి దగ్గర కుర్రాళ్లు రక్తమివ్వడానికి వరస కట్టారు. మన జనం మంచివాళ్లు, ఆపద వేళ ప్రాణం పెడతారు. ఆ మాట ఎక్కడైనా గర్వంగా చెప్తాను. అయితే జనవరిలో, అంటే మూడో నెలలో, కాలు పోయిన కూలివాడి ఇంటికి ఎవరు వెళ్లారు? సంపాదించే కొడుకు పోయిన ముసలిదానికి రావలసిన సొమ్ము అందిందా, కాగితాలు ఎక్కడ ఆగాయి అని ఎవరు అడిగారు? ఆ ఇళ్లకి మన అవసరం అప్పుడే ఎక్కువ. పేపర్లో ఫోటోలు ఆగిపోయాక, పరామర్శకు వచ్చిన కార్లు వెళ్లిపోయాక, వాళ్ల కష్టం వాళ్లకి మిగులుతుంది.

ఉద్దానంలో ఆ కష్టం ఏళ్లు పట్టింది. వరి పోతే వచ్చే ఏడు మళ్లీ వేసుకుంటాం. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి అయిదారేళ్లు, ఒక్కోసారి ఎనిమిదేళ్లు కూడా పడుతుంది. తాతలు పెట్టిన చెట్టు ఒక్క తెల్లవారుజామున పడిపోతే దాని చోట పెట్టిన మొక్క కాయ మనవడు తినేలోపు వాడి బడి చదువు అయిపోతుంది. ఈ మధ్యలో ఎందరో కుర్రాళ్లు తోటలు వదిలి, ఊళ్లు వదిలి వలస పోయారు. పడిపోయిన చెట్లని కోసి, మొదళ్లు పెకలించి, గోతులు తీసి, మళ్లీ మొక్కలు పెట్టి నీళ్లు పోసినవాళ్లలో చాలామంది ముసలివాళ్లు. ఆ కాయ తాము తినబోమని తెలిసే పెట్టారు.

నీళ్ల సంగతి కూడా కొంత మారింది. వంశధార మీద హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానం ఏడు మండలాలకూ తాగునీరు తెచ్చే పథకం, సుమారు 700 కోట్ల రూపాయలది, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రితో పాటు 2023 డిసెంబరు 14న మొదలైంది. సంతోషం. అయితే ఎప్పటి నుంచో అడుగుతున్న నీళ్లు అవి. వందల ఇళ్లలో తండ్రులూ కొడుకులూ పోయాక వచ్చాయి. మా బావ వాటిని చూడలేదు. తుపాను నుంచి అంతలా కాపాడుకున్న మనిషి, ఆ పైపుల పని జరుగుతుండగానే వెళ్లిపోయాడు. పథకం మొదలైనంత మాత్రాన అయిపోదు. ప్రతి కుళాయిలోనూ, ప్రతి రోజూ, తాగడానికి పనికొచ్చే నీరు రావాలి. అది వస్తోందా లేదా అని అడుగుతూ ఉండాల్సింది ఉద్దానం వాళ్లొక్కరే కాదు. వాళ్ల కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకునే మనమందరం అడగాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తాను. పొరుగువాడు కష్టంలో ఉంటే మనం సుఖంగా ఉండటం తప్పా? తప్పు కాదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. కాఫీ తాగండి, పండగ చేసుకోండి, పిల్లలకి మిఠాయి కొనిపెట్టండి. కడుపు నిండినవాడికే పక్కవాడి కోసం నిలబడే ఓపిక ఉంటుంది. ఆ ఓపికని చూపించాల్సింది మాత్రం మొదటి వారంలోనే కాదు, మూడో నెలలో కూడా. కష్టంలో ఉన్నవాడికి పోరాడే తీరిక ఉండదు. ఆఫీసుల చుట్టూ తిరిగే బలం ఉండదు. నలుగురిలో నోరెత్తే ధైర్యం ఉండదు. ఆ తీరిక, ఆ బలం, ఆ ధైర్యం మన దగ్గరున్నాయి. మన సుఖం మనకిచ్చినవి అవే.

అందుకని మిమ్మల్ని ఒకటి కోరుకుంటున్నాను. మీకు తెలిసినవాళ్లలో ఎవరింట్లోనైనా ఈమధ్య ఆపద వచ్చి ఉంటే, అందరూ వెళ్లి చూసి వచ్చేసిన తర్వాత, మీరు ఇంకోసారి వెళ్లండి. పింఛను వస్తోందా అని అడగండి. పిల్ల బడికి వెళ్తోందా, మందులు దొరుకుతున్నాయా అని అడగండి. రాని కాగితం ఉంటే, చదువుకున్నవాళ్లు కాబట్టి, మీరే ఒక అర్జీ రాసిపెట్టండి. మీకు అరగంట పని. వాళ్లకి అది ఒక పూట కూలి, ఒక బస్సు ఛార్జీ, ఎన్నాళ్లదో ఒక దిగులు. దసరాకి కొత్తబట్టలు కొన్నట్టే, తుపాను కాలం వెళ్లాక ఈ పలకరింపుని కూడా మన ఇళ్లలో ఒక అలవాటు చేసుకుందాం. పిల్లల్ని వెంట తీసుకెళ్దాం. ఎవరి ఇంటికి వెళ్తున్నామో, ఎందుకు వెళ్తున్నామో వాళ్లకి చెబుదాం. రేపు మనం లేనినాడు కూడా ఆ గుమ్మం తొక్కేవాళ్లు వాళ్లే.